మన చూపు, మన తీర్పు: సొంత అంచనా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒంగోలులో హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతాను. మాది టంగుటూరు వైపు పొగాకు వేసే కుటుంబం. పేపర్లు దిద్దడం, వ్యాసరచన, వక్తృత్వ పోటీలకు జడ్జిగా కూర్చోవడం ఏళ్లుగా నా పనిలో భాగం. "మీ ఇష్టం వచ్చినట్టు వేశారు కదా సార్" అనే మాట చాలాసార్లు విన్నాను. ఆ మాటకు సరైన జవాబు చెప్పాలని మొదలుపెడితే ప్రశ్నలు ఇన్నయ్యాయి. కొన్ని పిల్లలు అడిగినవి, కొన్ని వాళ్ల అమ్మానాన్నలు అడిగినవి, రెండు మూడు నన్ను నేనే అడిగినవి.

"సబ్జెక్టివ్" అంటే అసలు ఏమిటి? తెలుగులో ఏమనాలి?

చూసే మనిషిని బట్టి మారేదాన్ని సబ్జెక్టివ్ అంటాం. పుస్తకాల్లో ఆత్మాశ్రయం, వ్యక్తినిష్ఠం అని రాస్తారు. నేను "సొంత చూపు" అంటాను.

చీమకుర్తి క్వారీకి వెళ్తే తేడా కళ్లముందే కనిపిస్తుంది. గ్రానైట్ బ్లాకు పొడవెంతో టేపు పెడితే తెలుస్తుంది, ఎవరు పెట్టినా ఒకటే. ఆ నల్లరాయిలో బంగారు రంగు చుక్కలుంటాయి, గెలాక్సీ అనే పేరు వాటివల్లే వచ్చింది. ఆ చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయి, అంతటా సమానంగా పరుచుకున్నాయా అన్నది టేపుకు అందదు. రాయి మీద నీళ్లు కొట్టి, తడిసిన చోట వంగి చూడాల్సిందే. కొలత, చూపు రెండూ కలిస్తేనే రేటు తేలుతుంది.

సొంత చూపు అంటే నోటికొచ్చింది చెప్పడమేగా?

కాదు. ఇది మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

బ్యారన్ (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం) నుంచి దించి మండె కట్టిన (కుప్పగా పేర్చిన) ఆకును గ్రేడు చేసేటప్పుడు ఆయన వసారాలో, వెలుతురు పక్కనుంచి పడే చోట కూర్చునేవాడు. ఆకు తీసి ముందు ఈనె వంచేవాడు. పుటుక్కున విరిగితే ఆరిపోయినట్టు, మెత్తగా వంగి అలాగే ఉండిపోతే తేమ ఎక్కువున్నట్టు. తర్వాత ఆకును అరచేతి మీద పరిచి, వెనక్కి తిప్పి, కొన దగ్గర పచ్చదనం మిగిలిందేమో చూసేవాడు. ఆఖరికి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఇదంతా మహా అయితే నాలుగు సెకన్లు. రాత్రి బల్బు కింద గ్రేడింగ్ మాత్రం చేయనిచ్చేవాడు కాదు. "పసుపు లైటులో పచ్చ కనపడదురా, పొద్దున వేలంలో కనపడుద్ది" అనేవాడు.

ఇది మీడియం గ్రేడు ఎందుకు, బ్రైట్ ఎందుకు కాదు అని అడిగితే మూడు కారణాలు చెప్పేవాడు. మూడూ నేను ఆకు పట్టుకుని సరిచూసుకోగలిగినవే. చూపు ఆయనదే, దాని కారణాలు మాత్రం అందరికీ కనిపించేవి. నాకు వంకాయ కూర ఇష్టం అంటే అక్కడితో మాట అయిపోయింది, కారణం అడగనక్కర్లేదు. ఈ ఆకు మంచిది అంటే మాత్రం కారణం చెప్పే బాధ్యత నాది. ఇష్టానికీ అంచనాకీ ఉన్న ఈ తేడా పట్టుబడితే ఈ విషయం సగం తెలిసినట్టే.

పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా మొదలైంది. మన రాష్ట్రంలో బోర్డు వేలాలు 1985లో వచ్చాయి. వేలం కేంద్రంలో ఆ ఆకునే ఇంకో కన్ను, ఇంకో చెయ్యి పరీక్షిస్తాయి. నాన్న అంచనా తప్పితే బేలు, అంటే ఆకు మూట, ఎవరూ పాడక "నో బిడ్" అయి ఇంటికి తిరిగొచ్చేది. ఆ దెబ్బ తగిలిన ప్రతిసారీ ఆయన కన్ను ఇంకాస్త పదునెక్కింది.

అంకెలున్నప్పుడు సొంత చూపుతో పనేముంది?

బండలాగుడు పోటీ చూసే ఉంటారు. ఇచ్చిన సమయంలో ఎడ్లజత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. గెలుపోటముల మీద పెద్దగా గొడవ ఉండదు. ఒంగోలు జాతి అందాల పోటీలో మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, తెల్లని ఒళ్లు, నడకలో ఠీవి చూస్తారు. అక్కడ జడ్జి కన్నే కొలబద్ద.

మొదటిది శాస్త్రీయం, రెండోది ఇష్టారాజ్యం అనుకుంటాం. కానీ బండలాగుడులో బరువెంత పెట్టాలి, సమయం ఎంతివ్వాలి, రెండు పళ్ల ఎడ్లను, ఆరు పళ్ల ఎడ్లను (పళ్లను బట్టే వయసు చెబుతారు) వేరుగా ఎందుకు దింపాలి అన్నవి ఎవరో మనుషులు కూర్చుని తేల్చినవే. ఏది కొలవాలో చెప్పేది మనిషి, కొలిచేది టేపు. రొయ్యల చెరువు దగ్గరా అంతే. కిలోకు ఎన్ని తూగాయన్నది కౌంటు, అది లెక్క. రేటు కౌంటును బట్టే ఉండాలన్నది మాత్రం మార్కెట్ చేసుకున్న నిర్ణయం.

ఈ ఒంగోలు ఎద్దు వంశమే బ్రెజిల్ వెళ్లి, మన నెల్లూరు పేరుతో "నెలోర్" అయింది. మన దగ్గర దుక్కికి, బండికి పనికొచ్చేదాన్ని మంచి ఎద్దన్నారు. వాళ్లు మాంసం కోసం పెంచారు. జాతి ఒకటే అయినా ఏది మంచి పశువన్నది వాళ్లకూ మనకూ ఒకటి కాలేదు.

అనుభవం ఉన్నవాళ్ల మాటను ఎంతవరకు నమ్మొచ్చు?

దీని మీద చక్కని చర్చ ఒకటి జరిగింది. మనిషి అంచనాల్లో తప్పులు వెతికిన డేనియల్ కానెమన్, అనుభవజ్ఞుల సూక్ష్మబుద్ధిని మెచ్చుకున్న గేరీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. ఇద్దరివీ ఎదురెదురు దారులు. అయినా రెండు షరతుల దగ్గర ఒప్పుకున్నారు. మొదటిది, ఆ పనిలో ఒక క్రమం ఉండాలి. రెండోది, తన అంచనా ఒప్పో తప్పో మనిషికి తెలిసే అవకాశం ఉండాలి, అదీ చాలా ఏళ్లపాటు. రెండూ ఉంటే ఆ మనిషి కన్నును నమ్మొచ్చు. లేకపోతే అతను ఎంత ధీమాగా చెప్పినా ఆ ధీమా దేనికీ రుజువు కాదు.

మా నాన్నకు రెండూ ఉన్నాయి. పడమటి మండలాల్లో బోరు పాయింటు పెట్టేవాళ్ల సంగతి చూద్దాం. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని, లేదా వేపపుల్ల పట్టుకుని పొలమంతా తిరుగుతారు. వాళ్లలో చాలామంది మోసగాళ్లు కాదు, మనస్ఫూర్తిగా నమ్మి చేస్తారు. కానీ లెక్క ఎవరు రాశారు? మా బంధువుల ఊళ్లో ఒక వేసవి ఇదే అడిగాను. నీళ్లు పడిన బోర్ల పేర్లు అందరూ గడగడా చెప్పారు. పడని బోర్ల గురించి అడిగితే మాట తగ్గింది. అప్పుచేసి వేసిన బోరు ఎండితే ఆ రైతు నలుగురిలో దాని ఊసెత్తడు. ఆ బాధ నాకు తెలుసు. అలా తప్పులు మాటల్లోంచి జారిపోయి ఒప్పులే మిగులుతాయి, పాయింటు పెట్టినాయన పేరు పెరుగుతూ పోతుంది. పుల్ల అటు వంగితే దానికింద నీళ్లుంటాయనడానికి క్రమమూ లేదు, సరిచూసిన లెక్కా లేదు.

సొంత చూపు అసలే పనికిరాని చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలిసిందే. ఆ నీళ్లు తేటగా ఉంటాయి, వాసన రాదు, తాగితే నాలుకకూ తేడా తెలియదు. "మా బావి నీళ్లు తియ్యగా ఉంటాయి" అన్న మాట నిజమే, కానీ ఫ్లోరైడ్ సంగతి ఆ తీపి చెప్పదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అది ల్యాబులోనే తెలుస్తుంది. పళ్ల మీద మచ్చలు, వంగిన ఎముకలు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఇలాంటి చోట అనుభవాన్ని పక్కనపెట్టి నీటి సీసా ల్యాబుకు పంపాలి.

మనసు ఎక్కువగా ఎక్కడ పక్కదారి పట్టిస్తుంది?

ముందు విన్న అంకె దగ్గర. కానెమన్, ఆయన తోటి శాస్త్రవేత్త ఏమాస్ ట్వెర్‌స్కీ 1974లో రాసిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. సున్నా నుంచి నూరు వరకు అంకెలున్న చక్రం తిప్పారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే చేసిపెట్టారు. తర్వాత ఐక్యరాజ్యసమితి దేశాల్లో ఆఫ్రికా దేశాలు నూటికెన్ని అని అడిగారు. చక్రానికీ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. అయినా 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్లది 45.

స్థలం కొనడానికి వెళ్లినప్పుడు బ్రోకరు ముందుగా చెప్పే రేటు ఆ చక్రమే. "అంకణం ఇంత చెబుతున్నారు, మీకు కాస్త తగ్గిస్తారులెండి" అంటాడు. ఇక మన బేరమంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. అందుకే వెళ్లేముందే మనం ఎంతవరకు పెట్టగలమో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి.

ఇంకోటి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం. ఒక నిర్ణయానికి వచ్చాక దానికి అనుకూలమైనవే కళ్లకు కనిపిస్తాయి, నాలుగో కాలు కళ్లముందున్నా ఆనదు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నదీ ఇలాంటిదే. మా అబ్బాయి కూర్చున్న పోటీకి నేను జడ్జిగా వెళ్లను.

మీరెప్పుడైనా తప్పు తీర్పు ఇచ్చారా?

ఇచ్చాను. ఒక స్కూల్లో వక్తృత్వ పోటీకి జడ్జిగా వెళ్లాను. మొదట మాట్లాడింది ఏడో తరగతి పాప. బాగా మాట్లాడింది. కానీ తర్వాత ఇంకా ఎవరైనా బాగా మాట్లాడతారేమోనని నూటికి 62 వేసి ఆపాను. ఆఖర్లో మాట్లాడిన పిల్లాడు కూడా ఆ పాపలాగే మాట్లాడాడు. అప్పటికి స్థాయి తెలిసిపోయింది కాబట్టి అతనికి 78 వేశాను. పోటీ అయ్యాక ఆ పాప వచ్చి "సార్, నేనేం తప్పు చెప్పాను?" అంది. ఒక్క తప్పూ చెప్పలేకపోయాను. ఆ పాప చేసిన పొరపాటల్లా మొదట మాట్లాడటమే. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తర్వాత దారి వెతుకుతుంటే ఒక డాక్టరు గురించి తెలిసింది. వర్జీనియా ఆప్గర్ అనే అమెరికన్ మత్తుడాక్టరు. పుట్టిన బిడ్డ ఎలా ఉందన్నది అప్పట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవాళ్లు. ఆమె 1952లో ఒక పద్ధతి చెప్పారు, 1953లో అది అచ్చయింది. గుండె వేగం, ఊపిరి, కండల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కోదానికి 0, 1 లేదా 2, మొత్తం 10. ఒంటి రంగు బాగుందా అన్నది ఇప్పటికీ నర్సమ్మ కన్నే చెప్పాలి. ఆమె చూపు ఎక్కడికీ పోలేదు, దానికి ఐదు గళ్లు గీశారు, అంతే. ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్నారు.

నేనూ ఐదు గళ్లు గీశాను: విషయం, వరుస, ఉచ్చారణ, ఉదాహరణ, ముగింపు. ప్రతి గడీ విడిగా నింపుతాను, మొత్తం ఆఖరున కూడతాను. మొదటి ముగ్గురి మార్కులు పెన్సిల్‌తో వేసి, అందరూ అయ్యాక ఇంకోసారి చూస్తాను. ఇప్పుడు ఏ పిల్ల వచ్చి అడిగినా గడీ చూపించి చెప్పగలను.

నలుగురు కలిసి తేలిస్తే తప్పులు పోతాయా?

పోవచ్చు, ఎవరికివారు విడిగా ఆలోచిస్తేనే. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చీటీ మీద రాయమన్నారు. సరిగ్గా ఉన్న చీటీలు 787. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త వాటిని తీసుకుని లెక్కగట్టి 1907లో అచ్చువేశాడు. అన్నిటి నడుమన ఉన్న అంచనా 1,207 పౌన్లు, అసలు బరువు 1,198. మామూలు జనం చీటీలు కలిపితే అంత దగ్గరగా వచ్చింది.

అక్కడ ఎవరి చీటీ వాళ్లే రాశారు. మన రచ్చబండ దగ్గర ముందు పెద్దాయన గొంతు సవరించుకుని ఒక మాట అంటాడు. తర్వాత మాట్లాడే పదిమందిదీ చాలావరకు ఆ మాటే. పదిమంది కూర్చున్నా అంచనా ఒక్కటే. మా స్కూల్లో ఇప్పుడు ముగ్గురు జడ్జీలం మార్కుల కాగితాలు ఇచ్చేసేవరకు ఒకరితో ఒకరు మాట్లాడుకోం. టీ తాగేటప్పుడు కూడా ఆ ఊసెత్తం.

ప్రభుత్వం కంటి అంచనాను నమ్మేదా?

చాలాకాలం నమ్మింది. ఈ ఏడు పంట ఎంత అన్నది అణాల్లో చెప్పేవాళ్లు. నిండు పంట పదహారణాలు. కరణంగారో మునసబుగారో పొలం గట్టున నిలబడి పన్నెండణాలనో ఎనిమిదణాలనో రాసేవాళ్లు. శిస్తు మాఫీలు ఆ అంచనా మీద ఆధారపడేవి. గట్టున నిలబడిన మనిషి మీద పైవాళ్ల ఒత్తిడి, ఊరివాళ్ల ఒత్తిడి రెండూ పడేవి. మహలనోబిస్, సుఖాత్మే వంటి గణాంక శాస్త్రవేత్తలు 1940ల్లో పంట కోత ప్రయోగాలను దేశంలో గట్టిగా నిలబెట్టారు. లాటరీ పద్ధతిలో పొలాన్ని, అందులో చోటును ఎంచి, తాడు పట్టి, కోసి, తూచుతారు. 2016లో వచ్చిన ఫసల్ బీమా అనే పంటల బీమా పథకం కూడా చాలావరకు వీటి మీదే నడుస్తుంది.

ఎక్కడ కొయ్యాలో మనిషి చెప్పకపోవడమే ఇందులో కీలకం. మనిషిని ఎంచుకోమంటే ఏపుగా ఉన్న చోటుకో, ఎండిన చోటుకో కాళ్లు వాటంతటవే పోతాయి.

కోర్టు తీర్పులు కూడా సొంత చూపేనా?

కొంతవరకు. "రుజువైంది" అంటే ఏమిటో 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది: వివేకం గల మనిషి నమ్మి నడుచుకునేంతగా అది నిజమనిపించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే ప్రమాణం ఉంది. ఆ వివేకవంతుడు ఎక్కడో లేడు, జడ్జిగారే తన మనసులో ఆయన్ను నిలబెట్టుకోవాలి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్షను అత్యంత అరుదైన కేసులకే పరిమితం చేసింది. అరుదును కొలిచే త్రాసు ఏదీ లేదు. అందుకే ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే పెట్టారు. కారణం కాగితం మీద ఉంటే పైకోర్టు దాన్ని తూచగలదు, నచ్చకపోతే కొట్టేయగలదు.

"అనుమానం"తో నిర్ణయం తీసుకోవచ్చా?

మన వాడుకలో అనుమానం అంటే సందేహం. న్యాయదర్శనం అనే మన పాత తర్కశాస్త్రంలో మాత్రం జ్ఞానానికి ఉన్న నాలుగు దారుల్లో అదొకటి: ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం, ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవాళ్ల మాట). కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని గ్రహించడం అనుమానం. ఆ శాస్త్రంలో అనుమానాన్ని ఎదుటివాడికి చెప్పేటప్పుడు హేతువు, ఉదాహరణ కూడా చెప్పాలి. పొగలా కనిపించింది పొగమంచైతే అనుమానం కూలిపోతుంది. ఈ పద్ధతి ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతాను, ఇట్టే పట్టుకుంటారు.

నా నమ్మకం ఎంత గట్టిదో అంకెలో చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఇంగ్లండుకు చెందిన తత్వవేత్త, గణితవేత్త ఫ్రాంక్ రామ్సే 1926లోనే ఈ ఆలోచన రాశాడు. ఒక మాట మీద ఎంతవరకు పందెం కాయడానికి సిద్ధపడతావో అదే నీ నమ్మకం కొలత అన్నాడు. "వర్షం పడొచ్చు" అంటే పదికి మూడా, పదికి తొమ్మిదా? కళ్లంలో వడ్లున్నవాడికి ఆ తేడా ముఖ్యం. పదికి మూడైనా పట్ట కప్పుకోవడం మేలు, కప్పడానికయ్యే శ్రమ తక్కువ, తడిస్తే నష్టం ఎక్కువ కాబట్టి.

పిల్లల చదువు, పెళ్లి లాంటి వాటిలో ఎవరి చూపు లెక్క?

ఆ జీవితం ఎవరు బతకాలో వాళ్లది. ఫీజు ఎంత, దూరం ఎంత, పాసైనవాళ్లు ఎందరు అన్నవి కనుక్కోవడం పెద్దల పని. పొద్దున ఐదింటికి లేచి లెక్కలు చేయడం ఇష్టమా, మనిషి శరీరం గురించి చదవడం ఇష్టమా అన్నది పిల్లే చెప్పాలి. అక్కడ ఆ పిల్ల ఇష్టమే అసలు ఆధారం. ఎంపీసీయా బైపీసీయా అని ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చి కూర్చుంది. ఆయన అరగంట మాట్లాడారు. "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాను. తలుపు మూసుకోగానే ఆ పిల్ల ఏడ్చేసింది, తర్వాత రెండు నిమిషాల్లో తేల్చి చెప్పింది.

ఆలోచించి తీసుకున్న నిర్ణయం కూడా తప్పిపోతే?

నిర్ణయం వేరు, ఫలితం వేరు. ఒక ఏడు నాన్న అన్నీ చూసుకునే రెండో బ్యారన్ కౌలుకు తీసుకున్నాడు. ఆకు బాగా వచ్చింది, ధర పడిపోయింది. అప్పు మిగిలింది. అప్పుడు అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకంటే తీసుకునే ముందు రాత్రి ఇద్దరూ కూర్చుని, ధర పడితే ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నారు. ఆమె గాజులు ఆ మాటల్లోనే ఉన్నాయి.

నాన్న లెక్కలు రాసిన ఎర్ర అట్ట నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. బేలు నంబరు, తను అనుకున్న గ్రేడు, వేలంలో పలికిన ధర, పక్కన చిన్న అక్షరాలతో తేడా ఎందుకొచ్చిందో ఒక ముక్క. "తేమ", "పచ్చ", "నాదే పొరపాటు". ఆ మూడో మాట చాలా పేజీల్లో ఉంది.